బండి అమ్మినవాడి ఫోన్లు

ఆదిలాబాద్‌లో బండి కొన్న పది రోజులకు, దాన్ని అమ్మినాయన ఫోన్ చేసి బండి బాగా నడుస్తున్నదా అని అడిగాడు. సహకార సంఘాల లెక్కలు తనిఖీ చేయడం నా ఉద్యోగం. పైసలు చేతికందిన తరువాత కూడా కొన్నవాడి యోగక్షేమాలు విచారించే అమ్మకందారు నా సర్వీసులో ఎదురుపడలేదు. ఆ రోజు డైరీలో తేదీ కింద ఒకే వాక్యం రాసుకున్నాను: ఎందుకు అడిగినట్టు?

బండి నా కోసం కొన్నది కాదు. మా బిడ్డ ఖానాపూర్ మండలంలో వ్యవసాయ విస్తరణాధికారి. అడవి అంచు ఊళ్ల బాటల్లో ఆమె స్కూటర్ మీద తిరిగేది. కిందటి వానకాలం నల్లరేగడి బురదలో చక్రం జారి రెండుసార్లు పడింది. రెండోసారి మోచెయ్యి చిట్లింది. తారురోడ్డు మీదా, రాళ్ల బాట మీదా నమ్మకంగా నడిచే ఎత్తయిన మోటారు సైకిల్ అయితే తప్ప ఈసారి ఊళ్లకు పోలేనన్నది. కొత్తదాని ధర విని, పాతదాని కోసం వెతికాం. ఫిబ్రవరిలో ఆదిలాబాద్‌లో దొరికింది. అమ్మినాయన పత్తి వ్యాపారి. ఊరూరా తిరిగి పత్తి చూసి, బేరం కుదిర్చి, జిన్నింగు మిల్లులకు పంపే మనిషి. నా కంటే నాలుగైదేళ్లు పెద్దవాడు, భారీ శరీరం, నెమ్మదైన మాట. జూన్‌లో విత్తనాలు వేసే నాటికి ఆ బండిని మా బిడ్డకు తగినట్టు సిద్ధం చేసి అప్పగించాలి. అప్పటి నుంచి నా ఆదివారాలన్నీ కరీంనగర్‌లో మా ఇంటి ముందరి రేకుల షెడ్డు కిందనే గడిచాయి.

మెకానిక్కుకు ఇవ్వకుండా ఇంట్లోనే చేసుకోవడానికి కారణం పొదుపు ఒక్కటే కాదు. నా కళ్ల ముందు బిగించని బోల్టును నేను నమ్మలేను. గొలుసును కిరసనాయిలుతో కడిగి, తుడిచి, నూనె పట్టించాను. చక్రాల పుల్లలను స్పానరుతో ఒక్కొక్కటే తట్టి, మోత తేడాగా వచ్చినవాటిని బిగించాను. గాలి వడపోత మార్చాను. ఇంజిన్ కింద రాళ్లు తగలకుండా మందపాటి అల్యూమినియం పళ్లెం, చేతులకు ముళ్లకంప గీరుకోకుండా అడ్డాలు, పెద్ద గడ్డలున్న టైర్లు, వెనుక గట్టి స్ప్రింగు అమర్చాను. బిగించిన ప్రతి బోల్టు తల మీది నుంచి పక్క ఇనుము మీదికి తెల్లరంగుతో సన్నని గీత గీశాను. బోల్టు కదిలితే గీత విరుగుతుంది. ప్రతి ఆదివారం మొదట గీతలన్నీ చూసి, తరువాతే పనిముట్లు తీసేవాణ్ని.

రెండో ఫోన్ మార్చిలో వచ్చింది. ఈసారి ఆయన వెనుక సీటు మీద ఎవరైనా కూర్చుంటున్నారా అని అడిగాడు. ఎందుకని నేనడిగితే, ఊరికే అన్నాడు. మూడోసారి, వెనుక సామాను ఎక్కువ కట్టడం లేదు కదా అని మొదలుపెట్టి, సీటు విప్పారా అన్నాడు. నేను జవాబివ్వకుండా, మీకేం కావాలని అడిగాను. ఆయన ఎండల గురించి ఏదో చెప్పి పెట్టేశాడు.

నా అనుమానాలు మూడు దారుల్లో నడిచాయి. మొదటిది, బండి దొంగది. ఆదిలాబాద్‌కు మహారాష్ట్ర సరిహద్దు ఎంతో దూరం లేదు. చాసిస్ మీది నంబరును కాగితాలతో భూతద్దం పెట్టి మళ్లీ పోల్చాను. సరిపోయింది. రెండోది, బండిలో ఏదో దాచి మరిచిపోయాడు. సీటు తీసి, పనిముట్ల పెట్టె తీసి, పక్క రేకులు తీసి వెతికాను. పెట్రోల్ ట్యాంకులోకి టార్చి వేసి చూస్తుంటే, సెలవుకు వచ్చిన మా బిడ్డ గుమ్మంలో నిలబడి, "బాపు, బంగారం దొరికితె సగం నాది" అన్నది. మూడోది నాకు అన్నిటికంటే గట్టిగా తోచింది. ఆయనకు ఎక్కువ ధర ఇచ్చే మనిషి ఎవరో దొరికాడు. నేను ఇంత సొమ్మూ శ్రమా పెట్టి బాగుచేసిన తరువాత ఏదో వంకతో బండిని వెనక్కి తీసుకోవాలని చూస్తున్నాడు.

ఈ సంగతి మా ఆవిడతో అన్నాను. ఆమె బియ్యం చెరుగుతూ తలెత్తకుండా జవాబిచ్చింది. "పెండ్లిచూపులల్ల గూడ మీరు గిట్లనె నా పదో తరగతి మెమో అడిగిండ్రు. గా మనిషి మర్యాదకు ఫోన్ చేస్తుండు."

మర్యాదకు సీటు విప్పారా అని ఎవరూ అడగరు. కానీ సీటు కింద నాకు కనిపించింది శుభ్రమైన చాసిస్ మాత్రమే. వెనుక భాగానికి ఈ మధ్యనే వేసిన నల్లరంగు నిగనిగలాడుతున్నది. తుప్పు పట్టకుండా చూసుకున్న మనిషి అని, ఆ ఒక్క విషయంలో ఆయనను మెచ్చుకున్నాను. ఏప్రిల్‌లో సరిగ్గా ఆ రంగు మీదనే, విత్తనాల సంచులూ మట్టి నమూనాలూ పెట్టుకోవడానికి ఇనుప క్యారియర్ బిగించాను. దాని పట్టీలు రంగును పూర్తిగా కప్పేశాయి.

మే నెలలో ఒక ఆదివారం ఉదయం ఆయన ఫోన్ చేయకుండానే వచ్చాడు. చేతిలో ఖర్జూరాల డబ్బా ఉంది. తెల్ల కుర్తా, కొత్తగా కత్తిరించిన గడ్డం. మా ఆవిడ కుర్చీ వేసి, అన్నా అని పలకరించి, చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్లింది. వారం సెలవు మీద వచ్చి, రోజూ బండి నడిపి అలవాటు చేసుకుంటున్న మా బిడ్డ షెడ్డులో గొలుసుకు నూనె పెడుతున్నది. ఆయన కుర్చీలో కూర్చోకుండా, బండి చుట్టూ ఒకసారి తిరిగి, క్యారియర్ దగ్గర ఆగి, మళ్లీ నా దగ్గరకు వచ్చాడు. వెనక్కి అడగడానికే వచ్చాడని నేను నిశ్చయించుకున్నాను. ఏం చెప్పాలో కూడా మనసులో వరుస పెట్టుకున్నాను.

ఆయన రెండు చేతులూ జోడించాడు. "సార్, హజ్‌కు పోతున్న. వచ్చే వారమే. మీతోని లావాదేవీ చేసిన. కహా సునా మాఫ్ చెయ్యుండ్రి."

ఈ మాట మా పట్టణాల్లో తెలియనివారు ఉండరు. హజ్‌కు బయలుదేరేవారు చుట్టాలనూ, ఇరుగుపొరుగునూ, వ్యాపారంలో చేయి కలిపినవారినీ కలిసి, అన్నదీ విన్నదీ క్షమించమని అడుగుతారు. మనుషుల దగ్గర బాకీ ఉంచుకుని ఆ యాత్ర చేయకూడదని వారి నమ్మకం. అడిగినవారిని ఎవరూ విచారించరు. అయ్యో, అట్లాంటిదేమీ లేదు, మాఫ్, క్షేమంగా వెళ్లి రండి, నా కోసమూ దువా చేయండి అంటారు. చాయ్ తాగించి పంపుతారు. మా వీధిలో ఎంతోమందికి నేనే అట్లా చెప్పి పంపాను.

ఆ ఉదయం మాత్రం నా నోటి నుంచి వేరే మాట వచ్చింది.

"దేనికి?"

ఆయన అర్థం కానట్టు చూశాడు. "అంటె, అన్నిటికి సార్."

"అన్నిటికంటె నాకు లెక్క రాదు. మూడుసార్లు ఫోన్ చేసిండ్రు. దేనికో ఒకటి చెప్పుండ్రి."

లోపలి నుంచి చాయ్ తెస్తున్న మా ఆవిడ గడపలో ఆగిపోయింది. హజ్‌కు పోయే మనిషిని ఇట్లా నిలదీస్తారా అని ఆమె కళ్లు నన్ను అడుగుతున్నాయి. నేను చూపు తిప్పుకోలేదు. మాఫ్ అనే రెండక్షరాలు వినేసి, బరువు దించుకుని వెళ్లిపోవడం ఆయనకు ఎంతో సులభం. నేనడగకపోతే ఆయన అట్లాగే వెళ్లి ఉండేవాడని ఇప్పటికీ నా అభిప్రాయం.

ఆయన నావైపు కాక షెడ్డువైపు చూశాడు. మా బిడ్డ చేతులు తుడుచుకుంటూ లేచి నిలబడింది.

"బండి ఎవలు నడుపుతరు?" అని అడిగాడు.

నేనే చెప్పాను. ఆమె నడుపుతుంది, ఖానాపూర్ అవతలి ఊళ్లకు, వెనుక సంచులు కట్టుకుని.

ఆయన ముఖం మారింది. "సీటు తియ్యుండ్రి సార్" అన్నాడు.

సీటు తీశాం. క్యారియర్ బోల్టులు విప్పాం. అప్పటిదాకా నేను గీసిన తెల్లగీతల్లో ఒక్కటీ కదలలేదు. ఆయన వేలితో చూపిన చోట ఉప్పుకాగితంతో రుద్దాను. నల్లరంగు పోయి, దాని కింద గడ్డకట్టిన పాత వెల్డింగు బయటపడింది. ఆ వెల్డింగు పక్కనే, వెంట్రుకంత సన్నగా, పైపు సగం చుట్టూ పగులు. మా బిడ్డ గోరు పెట్టి చూసింది. గోరు లోపలికి దిగింది.

అప్పుడు ఆయన చెప్పాడు. రెండు సీజన్ల కింద ఖానాపూర్ దాటాక ఒక రాళ్ల దిగుడులో, వెనుక పెద్ద పత్తి మూట కట్టుకుని వస్తుంటే చాసిస్ విరిగి సీటు చక్రం మీద కూర్చున్నది. రోడ్డు పక్క వెల్డింగు పెట్టించి, మూట కట్టడం మానేసి నడిపాడు; అమ్మే ముందు దాని మీద రంగు వేయించాడు. అమ్మేటప్పుడు నేను ప్రమాదాలేమైనా జరిగాయా అని అడిగాను. జరగలేదన్నాడు. పడలేదు కనుక అది అబద్ధం కాదని అప్పుడు తనకు తాను చెప్పుకున్నాడట. ఇంటికి వెళ్లాక నిద్ర పట్టలేదట. ఫోన్ చేసిన ప్రతిసారీ చెబుదామనుకుని చెప్పలేకపోయాడు.

"బండి నాకు ఇచ్చేయుండ్రి. మీ పైసలు, మీరు పెట్టిన ఖర్చు, మొత్తం ఇస్త" అన్నాడు చివర.

నా మూడో అనుమానం వెంటనే తల ఎత్తింది. బండిని వెనక్కి తీసుకోవడానికే ఇదంతా కదా అనుకున్నాను. ఆయన కళ్లల్లోకి చాలాసేపు చూశాను. అక్కడ నాకేమీ దొరకలేదు. దొరకకపోవడం కూడా నన్ను కుదుటపరచలేదు. మనిషి ముఖం తనిఖీ చేయడానికి నా దగ్గర పద్ధతి లేదు.

"మాఫ్ చెయ్యాల్సింది నేను గాదు" అన్నాను. "దీని మీద కూసునేది గా పిల్ల. ఆమెనడుగుండ్రి."

ఆయన ఆమె వైపు తిరిగి మళ్లీ చేతులు జోడించబోయాడు. ఆమె ఆపింది. ఆ రోజు ఎంత బరువు కట్టారు, విరిగే ముందు చప్పుడేమైనా వచ్చిందా, రెండో వైపు పైపు కూడా వంగిందా అని వరుసగా అడిగింది. ఆయన జ్ఞాపకం చేసుకుని ఒక్కొక్కదానికీ జవాబు చెప్పాడు.

"బండి వాపసు ఇయ్యను చాచా" అన్నది ఆమె. "నాకు గిదే అలవాటైంది. మంచిగ వెల్డింగు చేపిద్దాం. మాఫ్ సంగతి పనయినంక చెప్త."

మరునాడు నేను సెలవు పెట్టాను. బండిని ట్రాలీ ఆటోలో ఎక్కించి తీసుకువెళ్లాం. ఆయన ఆదిలాబాద్ వెళ్లకుండా కరీంనగర్‌లో చుట్టాలింట్లో ఉండి, ఉదయమే వచ్చాడు. వెల్డింగు షాపులో పగులు ఇంకా పాకకుండా దాని చివరల చిన్న రంధ్రాలు వేయించి, పాత వెల్డింగును కోయించి, లోపల ఉక్కు పైపు ముక్క జొనిపి, పైన పట్టీలు వేయించాం. పని జరిగినంతసేపూ మేమిద్దరం ఒకే బల్ల మీద కూర్చున్నాం. ఖర్చు ఇస్తానని ఆయన పర్సు తీస్తే వద్దనలేదు. రంగు మాత్రం వేయవద్దని షాపువాడికి చెప్పాను. ఇనుము నాకు కనబడాలి.

బిగింపులన్నీ పూర్తయ్యేసరికి బుధవారం సాయంత్రమైంది. సంచులు కట్టి చూద్దామని నేనంటే, ఆయన వద్దన్నాడు. "సంచులెందుకు సార్, నేనున్న గద. రెండు బస్తాలంత ఉంట" అని వెనుక సీటు ఎక్కి కూర్చున్నాడు. మా ఆవిడ చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను నడిపాను. కాలువ కట్ట మీది మట్టిబాట పట్టి, గుంతలు తప్పించకుండా, కావాలనే వాటిలోకి దించాను. ప్రతి కుదుపుకూ ఆయన చెయ్యి నా భుజాన్ని పట్టుకునేది. నెమ్మదిగా పొమ్మని ఒక్కసారి కూడా అనలేదు. కట్ట చివరి దాకా వెళ్లి తిరిగి వచ్చాం.

షెడ్డులో మా బిడ్డ సీటు తీసి, టార్చి వేసి, రెండు వైపులా కొత్త అతుకు చుట్టూ వేలు నడిపింది. తిరిగి మొదటి నుంచి చూసింది. తరువాత లేచి, "మాఫ్ చాచా. నువ్వు ఫికర్ చెయ్యకు, పోయిరా" అన్నది.

ఆయన కళ్లు తుడుచుకుని నా వైపు చూశాడు. "మీరు, సార్?"

"ఇంకేమన్న ఉన్నదా?" అన్నాను.

మా ఆవిడ నిట్టూర్చింది. ఆయన మాత్రం కోపగించుకోలేదు. నిజంగానే ఆలోచించాడు.

"కిలోమీటర్ల మీటరు జర ఎనుకకు తిప్పించిన" అన్నాడు.

ఎంత అని అడిగాను. చెప్పాడు. చిన్న అంకె కాదు.

"ఇంకా?"

"ఇంక లేదు సార్. నేను పోతున్న చోటు మీద ఒట్టు."

ఆ ఒట్టును నేను నమ్మాను. నా ఉద్యోగంలో ఇట్లా నమ్మిన సందర్భాలు తక్కువ. మాఫ్ అన్నాను. చెయ్యి చాచాను. ఆయన రెండు చేతులతో పట్టుకుని, బస్సుకు వేళయిందని వెళ్లాడు.

గేటు వేసి వచ్చేసరికి మా బిడ్డ ఇంజిన్ పక్కన చాప పరుచుకుని, స్పానర్ల డబ్బా ముందు పెట్టుకుని కూర్చుని ఉంది. అన్ని కిలోమీటర్లు తిరిగిన ఇంజిన్ అయితే వాల్వులు చూడకుండా తీసుకుపోలేనన్నది. నేను చొక్కా చేతులు మడుచుకుని ఆమె ఎదురుగా కూర్చున్నాను. మూత మీది మొదటి బోల్టు ఆమే విప్పింది.