తువ్వాలు కింద దుబాయ్

దుబాయ్‌లో హల్వా కొట్టు పెట్టాలన్న ఆలోచన మా బావకు పుట్టింది. దాన్ని పెంచి పెద్దచేసే పని నా మీద పడింది. రెండు కుటుంబాల్లోనూ ఇంగ్లీషు కాగితాన్ని తలకిందులు కాకుండా పట్టుకోగల మొనగాణ్ణి నేనొక్కణ్ణే మరి. రెండువేల దశకం మొదట్లో సంగతి.

ఈ బావ మా అక్క మొగుడు. హల్వాకు పేరుపడ్డ మాడుగులలో పని నేర్చుకుని, మీసం మొలిచిన నాటి నుంచీ అనకాపల్లిలో వాళ్లన్న కొట్టులో హల్వా తిప్పుతున్నాడు. ఆ వాసనకు రైళ్లు ఆగిపోయేవి. సిగ్నల్ లేక ఆగాయని గిట్టనివాళ్లు అనేవారు. అయినా బోర్డు మీద పేరు వాళ్లన్నదే, గల్లాపెట్టె ముందు కుర్చీ వాళ్లన్నదే. బావకున్న కోరికల్లా చచ్చేలోగా తన పేరున ఒక కొట్టు. ఉన్న ఊళ్లో పెడితే అన్నకు పోటీ అవుతుంది, పరువు తక్కువ. కాబట్టి సముద్రం అవతల.

అక్కడి నిబంధనల కాగితాలు ఒక కన్సల్టెంటు పంపాడు. ఎత్తితే నడుం పట్టేసింది. చదివినకొద్దీ అంతకుముందు తెలిసింది కూడా మర్చిపోయాను. లైసెన్సు ఇవ్వాలంటే కొట్టు అద్దె పత్రం కావాలిట. కొట్టు అద్దెకివ్వాలంటే లైసెన్సు కావాలిట. మన కాగితాల మీద నోటరీ ముద్ర, ఆపైన హైదరాబాదు ముద్ర, ఢిల్లీ ముద్ర, వాళ్ల ఎంబసీ ముద్ర.

"ఇన్ని గుద్దితే కాగితం సిరిగిపోదేటి?" అన్నాడు బావ.

దానికి జవాబు ఆ కాగితాల్లో ఎక్కడా లేదు.

చివరికి కన్సల్టెంటే వచ్చి స్టేషను దగ్గర లాడ్జిలో దిగాడు. ఫ్యాను కింద కూడా కోటు విప్పని మనిషి. "అంతా సులువేనండీ," అన్నాడు. "అక్కడి పౌరుడొకాయన మీకు భాగస్థుడిగా ఉండాలి. ఆయన వాటా యాభై ఒకటి, మీది నలభై తొమ్మిది."

బావ భుజం మీది తువ్వాలు తీసి ఆయన చేతి మీద కప్పి, కిందనుంచి తన చెయ్యి దూర్చాడు. పశువుల సంతలో బేరం అలాగే సాగుతుంది. నోటితో ధర చెప్పరు, తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని తేల్చుకుంటారు. నెయ్యి కోసం బావ కొన్న గేదెలన్నీ ఆ దారిన వచ్చినవే. కన్సల్టెంటు మాత్రం నాడి చూపించుకుంటున్న రోగిలా బిగుసుకుపోయాడు.

"ఏం చేస్తున్నారండీ?"

"బేరవండి బాబూ. ఆ యాభై ఒకటీ ఓ రెండు వేళ్లు తగ్గించండి."

"బేరం కాదండీ. చట్టం."

"సట్టవేనండి. నాను కాదన్నానా? ఆ సట్టం సేసినోడికీ వేళ్లుంటాయి కదండీ."

ఆయన నావంక చూశాడు. నేను ఫ్యాను వంక చూశాను.

బావ వేళ్లు వదల్లేదు. "పోనీ ఆ పెద్ద వాటా బాబు హల్వా తిప్పుతాడేటండి?"

"తిప్పరు."

"కొట్లో కూకుంటాడా?"

"రానక్కర్లేదు. పేరు ఆయనది ఉంటుంది, సంతకం పెడతారు. అంతే."

బావ చెయ్యి మెల్లగా బయటికొచ్చింది. తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "ఒరే బామ్మర్దీ, మా అన్న దగ్గరా అదే కదరా, పేరు ఆయనది, తిప్పేది నాను. ఈ మాత్రానికి యిమానం ఎక్కాలేటి?"

ఆ సాయంత్రమే తిన్నగా అన్న ముందుకెళ్లి, గల్లాపెట్టె మీద తువ్వాలు పరిచాడు. అన్న కాసేపు దాన్ని చూసి, చెయ్యి లోపల పెట్టాడు. పైన రెండు మొహాలూ రాళ్లలా ఉన్నాయి. కింద గుడ్డ మాత్రం ఉడుకుతున్న హల్వాలా కుతకుతలాడింది. ఏ వేలు ఏ వేలికి లొంగిందో నాకివాళ్టికీ తెలియదు.

తర్వాత పెయింటరు నిచ్చెన వేసుకుని వచ్చాడు. అన్న పేరు కింద బావ పేరు కూడా చేరింది. బావ రోడ్డు అవతలికి వెళ్లి నిలబడి, నన్ను పిలిచి చూపించాడు.

"నీ అక్షరాలు చిన్నగా ఉన్నాయి బావా," అన్నాను.

"నలబై తొమ్మిదిలే. ఇక్కడా అదే సట్టం."