బొమ్మ చెయ్యి, బార్లీ నీళ్లు

బట్టల దుకాణంలో బిల్లులు కొట్టే ఆవిణ్ని అందరూ బిల్లక్క అంటారు. పొద్దున షట్టరు లేచింది మొదలు రాత్రి దించేదాకా ఆమె నీళ్లు ముట్టదు. అదేమీ తపస్సు కాదు. ఆడవాళ్ల బాత్‌రూం తాళంచెవి పోకూడదని యజమాని దాన్ని విరిగిన షోకేసు బొమ్మ చేతికి కట్టించాడు. అవసరం పడినవాళ్లు సూపర్‌వైజరు బల్ల మీది ఆ చేతిని పట్టుకుని, కొనుగోలుదారుల మధ్య నుంచి ఊరేగాలి. ఎర్రగోళ్ల తెల్లటి చెయ్యి, నిండు దుకాణంలో, ఎవరికో వీడ్కోలు చెబుతున్నట్టు! అంత కవిత్వం భరించలేక బిల్లక్క సీసా మూత తీయడమే మానేసింది.

మూత్రంలో మంట మొదలైంది. ఇంట్లో వైద్యులకేం కొదవ! అత్తగారు బార్లీ కాచింది. ఆడపడుచు ఫోన్లోనే ధనియాలు నానబెట్టింది. భర్త ఏదో ఎర్రపళ్ల రసం తెచ్చి, తానే కనిపెట్టినంత గర్వంగా నిలబడ్డాడు. అన్నీ రాత్రి ఇల్లు చేరాకే తాగేది. పగలు ఎడారి, రాత్రి వరద.

మంట తగ్గకపోగా నడుంనొప్పి, చలిజ్వరం తోడొచ్చాయి. అత్తగారు వెంటపెట్టుకుని తీసుకెళ్తే, డాక్టరమ్మ పరీక్షలు చూసి అడిగింది.

"పగలు ఎన్నిసార్లు వెళ్తారమ్మా?"

"ఇంటికెళ్లాకే మేడమ్."

"కిడ్నీ దాకా పాకింది. మందులు పూర్తిగా వాడండి. బార్లీ తాగితే తాగండి, కానీ పగలంతా నీళ్లు తాగాలి, వచ్చినప్పుడల్లా వెళ్లాలి. మళ్లీ ఇలాగే వస్తే ఆస్పత్రిలో చేరాల్సిందే."

బయటికొచ్చాక అత్తగారు నిలదీసింది. "ఇంత కాచి పోశాను కదే, ఒక్క ముక్క చెప్పలేకపోయావా?"

"ఏమని చెప్పను అత్తయ్యా? తాళంచెవి కట్టిన ఎర్రగోళ్ల బొమ్మ చెయ్యి పట్టుకుని బాత్‌రూంకి వెళ్లాలంటే సిగ్గనా?"

"గోళ్లకు రంగేసుకుని ఊరేగే దానికే లేదు సిగ్గు, నీకెందుకే!"

జ్వరం తగ్గి పనిలోకి వెళ్లిన రోజు, బిల్లక్క నిండు సీసా కౌంటరు మీద పెట్టింది. మధ్యాహ్నం రద్దీలో లేచి, చేతిని అందుకుని నడిచింది. ఆశ్చర్యం, పైకప్పు కూలలేదు! ఒక పెద్దావిడ మాత్రం, "అది అమ్మకానికా తల్లీ?" అనడిగింది.

తిరిగొచ్చి చేతిని బల్ల మీద పెట్టకుండా పిల్లల బట్టలమ్మే అమ్మాయికిచ్చింది. ఆ అమ్మాయి ఇంకొకరికి. ఇన్నాళ్లూ గొంతెండబెట్టుకున్నది బిల్లక్క ఒక్కతే కాదన్నమాట. సాయంత్రందాకా చెయ్యి బల్ల చేరలేదు.

"ఏంటక్కా, షాపంతా చెయ్యి తిరుగుతోంది!" అన్నాడు సూపర్‌వైజరు.

"కాలు లేదుగా సార్, మేమే తిప్పుతున్నాం."

మర్నాటికి తాళంచెవి బాత్‌రూం పక్కనే మేకుకు వేలాడింది. సిబ్బంది ఆరోగ్యం కోసం ఆ ఏర్పాటు తనకే తట్టిందని యజమాని వచ్చినవాళ్లందరికీ చెబుతున్నాడు. బిల్లక్క కాదనదు. ఆమె నోటి నిండా నీళ్లు.