వేపకట్టె పొగ

మొన్న నా మనుమరాలు ఇంటెనుక జాగల ఒక ఇనుప పీపా తెచ్చి నిలబెట్టింది. తడిమి చూస్తె పొడుగ్గ, పైన పొగ గొట్టం, పక్కకొక తలుపు. నీళ్లు కాగబెట్టే బాయిలరేమో అనుకున్న. "కాదు నాయనమ్మా, గిండ్ల కట్టెలు వెట్టి పొగకు మాంసం వండుతరు" అన్నది. రెండు నెలల నుంచి ఫోన్ల చూసి చూసి, గిది మంచిదా గది మంచిదా అని దోస్తులందర్ని సతాయించి, ఆఖరికి గిది కొన్నదట. దాంతోని కట్టెలు గూడ కొన్నది, సంచులల్ల. కట్టెలకు సంచి, సంచికి చీటీ, చీటీ మీద కట్టె పేరట! నాకు నవ్వాగలే. మా కాలంల కట్టెకు చీటీ యాడిది, ముల్లుండె. "నువ్వు ఎనుకట పొగల తునకలు చేసెటిదానివట గద, నాయిన చెప్పిండు. ఏం కట్టె వెట్టాలెనో నాకు నేర్పు" అని ఎంబడి పడ్డది. నేర్పుత తియ్ అన్న గని, గొంతుల చేదు తగిలినట్టయింది. అరవై ఏండ్ల కిందటి చేదు అది.

మా తల్లిగారిది చిట్యాల పక్కన పల్లె. మావోళ్లు ఎవుసం జేసెటోళ్లు. నన్నిచ్చింది పాలమూరు దిక్కు, గొర్ల మంద మీద బతికే ఇంటికి. ఇంట్ల ముగ్గురమే: మా అత్త, ఆమెకు ఒక్కగానొక్క కొడుకు, నేను. మామ సచ్చిపోయి శాన ఏండ్లయింది. అత్త పొడుగు మనిషి, ఎముకల గూడు, నోరు మాత్రం ఊరవతలికి వినవడేది. ఆమె మొలకు తాళంచెవుల గుత్తి ఉండేది. ఇంట్ల ఏ కుండ యాడ పెట్టిందో అది ఆడనే ఉండాలె. ఉప్పు కుండ జానెడు పక్కకు జరిపితె చాలు, "ఇల్లు నాదా నీదానే?" అని లేచేది. కట్టె ఏరుతె ఇగ జూడాలె ఆమె తమాష. రెండు మొద్దులు చెవు కాడ పెట్టుకొని టక్కుటక్కున కొట్టి వినేది, వాసన జూసేది, బెరడు మీద బొటనవేలు రాసేది. కట్టెకు గింత పరీక్షేంది, నాకు నకరాలు చూపిస్తాంది అని లోపల్లోపల మండేది నాకు. అప్పటికి నాకు పద్దెనిమిదేండ్లు. బుద్ధి ఎంతుంటది?

ఒట్టి తునకలంటె ఇప్పటి పిల్లలకు ఎరుకలేదు. మాంసాన్ని సన్నగ పొడుగ్గ కోసి, ఉప్పు పసుపు రాసి, దారానికి గుచ్చి ఎండల ఆరేస్తరు. ఎండితె కట్టె లెక్కయితయి, ఆర్నెల్లు ఉంటయి. ఎండకాలం అదేం పెద్ద పని గాదు. ముసురు పట్టినప్పుడే తిప్పలు. అప్పుడు దొడ్లె గుంట తవ్వి, నాలుగు గుంజలు పాతి, చుట్టు తడకలు కట్టి, పైన దారాలకు మాంసం ఏలాడదీసి కింద పొగ పెట్టాలె. పెట్టాలె అంటె అయిపోలే. మంట లేసిందా, పైన ఉడుకుతది, లోపల పురుగు పడుతది. చింతకట్టె నిప్పు గట్టిది, మాంసం మాడుస్తది. మామిడి కట్టె గడియల బూడిదైతది. కొస పొంటి నీళ్లు కార్చుకుంట సుయ్యిమనే పచ్చి కట్టెను మా అత్త "ఏడుపు కట్టె" అనేది, దాన్ని దగ్గరికి రానియ్యకపోయేది. ఎండిన తుమ్మ మొద్దు ఒక్కటే ఆమెకు నమ్మకం. వేప పేరెత్తితె, "మందుకు మంచిది, మాంసానికి గాదు, గంట పొగ తగిలితె సాలు కుక్క గూడ ముట్టది" అనేది. "మంట మొగోని కోపమసొంటిదే పిల్లా, లేస్తది, పోతది. పొగ ఆడిదాని కోపం, లోపటికి దిగుతది" అని ఒకనాడు చెప్పింది. నేను నవ్విన. ఆమె నవ్వలే.

నేను రెండో ఏడు కాపురంల ఉన్నప్పటి మాట. ముందటేడు వానల్లేక జొన్నలు పండలే, మక్కలు పండలే. ఆ ఏడు శ్రావణంల మాత్రం ముసురు పట్టింది, పది దినాలు సూర్యుడు మొకం చూపియ్యలే. మా ఇంటాయన పెద్ద మందను తోలుకొని నల్లమల దిక్కు పోయిండు. ఇంటికాడ ఈనిన గొర్లు, బక్కయి కొన్ని మిగిలినయి. కొత్త పచ్చిక కడుపు నిండ మేసినయో లేదో, చిటుకు రోగం తగిలింది. చిటికేసే లోపట గొర్రె కిందపడి కాళ్లు కొట్టుకుంటది, అందుకే ఆ పేరు. ఒక్క పొద్దుల నాలుగు పడ్డయి. అత్త ఏడ్వలే, మొత్తుకోలే. పక్కింటి తాతను పిలిపించి పాణం ఉండంగనే కోపిచ్చింది. "సచ్చినంక కోస్తె పీనుగ, సావకముందు కోస్తె కూడు" అన్నది. రోగపు గొర్రె తినొచ్చునా అని ఇప్పుడు మీరడుగుతరు. గాదెల జొన్నలు అడుగంటినోళ్లను అడగాలె ఆ మాట. నాకు ఆరో నెల. తునకలు మంచిగైతె రెడ్ల ఇండ్లల్ల ఇచ్చి మారుకు జొన్నలు తెచ్చుకోవాలె, నా కాన్పు నెలలు ఆ జొన్నల మీదనే ఎల్లాలె. మాకు వేరే ఆధారం లేకుండె.

రెండు దినాలు పొగ మంచిగ నడిచింది. మూడోనాడు పొద్దుగాల తుమ్మ మొద్దులు అయిపోయినయి. అత్తకు పడిశం పట్టి ముక్కులు మూసుకపోయినయి, ఒళ్లు కాలిపోతాంది, గయినా గొంగడి కప్పుకొని గుంట పక్కనే కూసున్నది. "వాగు గడ్డ మీద తుమ్మ కొట్టిచ్చి పెట్టిన, పోయి తేపో" అన్నది. ఆ వానల, ఆ బురదల, ఆ ముండ్లల్ల, కడుపుతోని! అంతకుముందే ఉప్పు కుండ జరిపిన్నని నా తల్లిని గూడ కలిపి తిట్టింది. నాకు కాలుతాంది. గోడెనుక గాలికి ఇరిగిపడ్డ వేపకొమ్మ కనవడ్డది. ఆకు దులిపి, మొద్దులు కొట్టి తెచ్చి గుంట కాడ ఏసిన. "ఏం కట్టెనే అది?" అని అడిగింది. "తుమ్మ మొద్దే. కండ్లు వోయినయా ఏంది, చూస్కోరాదు?" అన్న.

దేవుని మీద ఒట్టు, ఆమె చూస్తదని, చూసి నా నెత్తి పగులగొడుతదని, తిట్టుకుంటనన్న మళ్ల వాగు గడ్డకు పోతననే అనుకున్న. ఆమె చెయ్యి చాపింది, మొద్దు దాక తెచ్చింది. మళ్ల ఎందుకో ఎనుకకు తీసుకున్నది. "పెట్టు మరి" అన్నది, అంతే. నేను గెలిచిన అనుకున్న. పొద్దుమూకే దాక వేప పొగ పట్టించిన.

అయిదోనాడు రెడ్ల ఇంటికి గంప తీస్కపోయిన. వాళ్ల పెద్దమ్మ ఒక తునక ఉడకవెట్టి నోట్లె ఏసుకొని, థూ అని వాకిట్ల ఉమ్మింది. "మందా ఇది, మాంసమా?" అని గంప నా నెత్తికెత్తింది. ఊర్ల ఇగ ఎవ్వరు ముట్టలే. నాలుగు దినాలకు మా ఇంటాయన వచ్చిండు. గొర్లు సచ్చిన సంగతి విని కూలబడ్డడు, తునక కొరికి లేచి నిలబడ్డడు. చెయిల గొర్ల కట్టె ఉండనే ఉన్నది. "ఎవతె పెట్టింది వేప?" అని నా మీదికి వచ్చిండు. ఆయన చెయ్యెత్తితె ఆగెటోడు గాదు. నేను కడుపు పట్టుకొని గోడకు అతుక్కున్న.

"నేనే పెట్టిన బిడ్డా" అన్నది మా అత్త. "నాకు కండ్లు అగుపడుతలేవు. రెండేండ్లాయె, పొర కమ్మింది. వేపేదో తుమ్మేదో చూడలేకపోయిన. కోడలు వద్దన్నది, నేనే ఇనలే."

ఆయన ఆమె మొకం ముందట చెయ్యి ఆడిచ్చి చూసిండు. రెప్ప కొట్టలే. అప్పుడు ఎరుకయింది నాకు, ఉప్పు కుండ ఎందుకు జరపొద్దో, మొద్దులు చెవు కాడ ఎందుకు కొట్టేదో, ఆనాడు చాపిన చెయ్యి ఎందుకు తీసుకున్నదో. తడిమితె నాకు తెలిసిపోతదని తీసుకున్నది. రెండేండ్లు దాసుకున్న ముచ్చట నా ఈపు కాపాడనీకె బయటేసింది. ఆ గడియల నేను నోరు తెరువాలె. తెరువలే. దెబ్బలకు భయపడ్డ, నిజం గిదే.

ఆ పొద్దే ఆమె మొలకున్న తాళంచెవులు నా మొలకొచ్చినయి. "ఇగ పొయ్యి కాడికి రాకవ్వా, పడుతవు" అని ఆయన ఆమె మంచం తీసి గొర్రెపిల్లల కొట్టం పక్కన ఏసిండు. మా ఇంట్ల పొయ్యి ఎవరిదో మాట వాళ్లది. ఊరవతలికి వినవడే ఆ గొంతు పక్క అర్రకు గూడ వినరాకుండ పోయింది. ఇంట్ల ఉన్న జొన్నలు నాకు రొట్టెలయినయి, ఆమె చేదు తునకలు తిన్నది. "నా నాలుకకు రుచే లేదు పో" అనేది. నాకు కొడుకు పుట్టిండు, గీ మనుమరాలి తండ్రి. వాని మొకం ఆమె వేళ్లతోనే చూసింది. ఒకనాడు ఉండబట్టక, "అత్తా, గా వేపకట్టె..." అని మొదలువెట్టిన. "పిల్లగాడు ఏడుస్తుండు, పోయి చూడు" అన్నది. వాడు నిద్రపోతుండె. పాలమూరు దవాఖానల పొర తీస్తరని ఎవరో చెప్పిన్రు. "వచ్చే ఏడు మంద మంచిగుంటె తోల్కపోత" అన్నడు ఆయన. అవును, వచ్చే ఏడు అన్న నేను గూడ. మూడో ఏడు ఆమె పోయింది.

మొన్న మనుమరాలు ఇనుప పీపా ముందట కూసొని, రెండు మొద్దులు నా చెయిల పెట్టి, ఏది వెయ్యాలె అని అడిగింది. చెవు కాడ పెట్టుకొని కొట్టిన, వాసన చూసిన, బెరడు మీద బొటనవేలు రాసిన. "సంచి మీద పేరున్నది గద నాయనమ్మా, చూస్తలేవేంది?" అన్నది. పిల్ల నన్ను మూలకు ఏస్తదని గాదు గని, అప్పటిదాక నేను గూడ ఆ మాట దాసుకునే ఉన్న. "అగుపడుతలేదు బిడ్డా. యాడాదాయె" అన్న. పిల్ల లేచి నా మెడ సుట్టు చేతులేసి, "పిచ్చి ముసల్దానా, చెప్పొద్దా మరి! రేపే కండ్ల దవాఖానకు పోదాం. అరగంట పని అంతే" అన్నది.

అరగంటనట. వచ్చే ఏడు, వచ్చే ఏడు అనుకుంట మేము మూడేండ్లు గడిపినం గని, మా అత్తకు ఆ అరగంట రానే రాలే.