భాయ్ కుట్టిన వెనక సీటు

మొన్నొక ఆదివారం పొద్దున్న మా నాన్న పాత టాక్సీ తలుపు తీసి లోపలికి వంగేసరికి, పైకప్పుకి అంటించిన గుడ్డ మొత్తం ఊడి నా నెత్తిమీద పడింది. అంబాసిడర్లలో తిరిగిన నా ఈడువాళ్లకి ఆ గుడ్డ గుర్తుండే ఉంటుంది. ముందు ఒక మూల ఉబ్బుతుంది, తర్వాత పందిరిలా కిందికి జారుతుంది, ఆనక మనం పిన్నీసులు పెట్టి ఏళ్ల తరబడి నెట్టుకొస్తాం. ఆ దుమ్ములో పాత ఊదొత్తుల వాసన, నాన్న కాల్చి మానేసిన బీడీల వాసన, ఎక్కిదిగిన ఎవరెవరివో తలనూనెల వాసన, అన్నీ కలిసి ముఖాన పడితే, దాన్ని తీసేసుకోకుండా కాసేపు ఆ గుడ్డ కిందే కూర్చుండిపోయాను.

కంచరపాలెంలో మా ఇంటి ముందు రేకుల కింద ఆ బండి చాలాకాలంగా ఊరికే ఉంది. ఇంజను ఇప్పటికీ పలుకుతుంది. పాడైందల్లా లోపలే: సీట్లు కుంగిపోయాయి, తలుపుల లోపలి రెక్సిను పెచ్చులు లేచింది, డాష్ బోర్డు చెక్క ఉప్పుగాలికి తెల్లబారిపోయింది. ఎనభై దాటిన మా నాన్నకి ఒక్కసారి ఆ బండిలో బీచి రోడ్డు చివరిదాకా వెళ్లి రావాలని కోరిక. సరే, లోపలంతా కొత్తగా చేయిస్తానన్నాను. ఆయన అరుగు మీద కుర్చీలోంచే ఒక మాట అన్నాడు.

"సేయించు గానీ, ఆ టౌను భాయ్ దగ్గరికి మాత్రం ఎల్లకు. ఆడి పని నాకు తెలుసు."

నేను కాలేజీలో చదివే రోజుల నుంచీ ఆయన ఆ మాట అంటూనే ఉన్నాడు. రైల్వే స్టేషను ముందు టాక్సీ స్టాండులో కూడా అందరికీ అలాగే చెప్పేవాడు. భాయ్ పని మంచిది కాదన్న ఆ మాట నిజం కాదని మొన్నటిదాకా లోకంలో తెలిసినవాళ్లం ఇద్దరమే, నేనూ, నా జాలరి స్నేహితుడూ. ఆ స్టాండువాళ్లలో ఎవరైనా ఇది చదువుతారేమోనన్న ఆశతోనే రాస్తున్నాను.

వన్ టౌన్లో, పూర్ణా మార్కెట్ వెనక సందులో సీట్లు కుట్టే భాయ్ అంటే ఆ రోజుల్లో స్టాండువాళ్లందరికీ గురి. నాన్నా ఆయనా ఒక ఈడువాళ్లు. నాన్నని ఆయన డ్రైవరు గారూ అని పిలిచేవాడు, ఈయన ఆయన్ని భాయ్ అనేవాడు, నాకైతే ఆయన చాచా. మా బండి లోపలిదంతా ఆయన చేతిపనే. ఆఖరుసారి వెనక సీటు చేయించినప్పుడు నేనూ వెళ్లాను. ముందు స్ప్రింగుల వరస కట్టి, మీద గోనెపట్టా పరిచి, దాని మీద కొబ్బరి పీచు చేత్తో విప్పి విప్పి పరిచి, పైన దూది, ఆపైన రెక్సిను. పీచు పరిచేటప్పుడు ఆయన కళ్లు మూసుకుని అరచేత్తో నొక్కి చూసుకునేవాడు, ఎక్కడ పలచగా ఉందో. రెక్సిను నెత్తుటి రంగు, అంచుల్లో తెల్ల బీడింగు. ఆ సీటు మీద మొదటి వారమంతా నాన్న తువ్వాలు పరిచిగాని ఎవర్నీ కూర్చోనివ్వలేదు.

ఆ తర్వాత కొన్నాళ్లకే నేను దానిలో చేపలు వేసుకెళ్లాను.

నా స్నేహితుడిది పెద్ద జాలరిపేట. మాది చుట్టరికం కాదుగానీ ఒకర్నొకరు బావా అనే పిలుచుకునేవాళ్లం. వాళ్లింట్లో ఏదో శుభకార్యం, హార్బరులో చేపలు కొని పెట్టుకున్నారు, వస్తానన్న బండి రాలేదు, ఎండ ముదురుతోంది. నాన్న రాత్రంతా కిరాయికి తిరిగొచ్చి నిద్రపోతున్నాడు, తాళంచెవి మేకుకి వేలాడుతోంది. అరగంట పని బావా అన్నాడు వాడు. డిక్కీలో అప్పటికే నాన్న స్పేరు సామాను నిండా ఉండటంతో బుట్టల్ని వెనక సీటు మీదే పెట్టి, కింద గోనెసంచులు వేశాం, తెలివిగా. ఐసులో ఉప్పు కలిపితే తొందరగా కరగదని వాడు దోసిళ్లతో ఉప్పు చల్లాడు. అది కరగకుండా ఉండలేదు. గోనె తడిసింది, ఆ ఉప్పునీళ్లు రెక్సిను కుట్ల చిల్లుల్లోంచి మెల్లగా లోపలికి దిగిపోయాయి. పైన తుడిస్తే మెరిసింది. నిమ్మకాయలు రుద్దాం, ఊదొత్తులు ఒక కట్ట వెలిగించాం. నాన్న లేచి బండి ఎక్కి, హార్బరు పార్టీలు ఎక్కితే ఇంతే, నాలుగు రోజులు వదలదు వాసన, అని విసుక్కున్నాడు తప్ప అనుమానపడలేదు. నేను గండం గడిచిందనుకున్నాను. మా ఊళ్లో సముద్రపు గాలికే ఇనుము ఆగదు. ఇక ఉప్పునీళ్లే లోపలికి వెళితే ఏమవుతుందో ఆ వయసులో నాకు తట్టలేదు.

వానాకాలం వెళ్లేలోపే ఒక పెళ్లి కిరాయిలో సీటు కుంగి, తుప్పుపట్టి తెగిన స్ప్రింగు రెక్సిను చీల్చుకుని పైకొచ్చి పెళ్లికూతురి పట్టుచీరని చీల్చేసింది. ఆడపెళ్లివారు నడిరోడ్డు మీద బండి ఆపించి నాన్నని నానా మాటలూ అన్నారట. ఆయన ఇంటికి కూడా రాకుండా, నన్ను కాలేజీ దగ్గర ఎక్కించుకుని తిన్నగా టౌనుకి తీసుకెళ్లి, భాయ్ దుకాణం ముందు నిలబడి, సందంతా వినేలా అరిచాడు. తుప్పు స్ప్రింగులు వేసి కొత్తవని చెప్పావు, నమ్మినందుకు నా పరువు తీశావు అన్నాడు. భాయ్ ఆ చిరుగులో చెయ్యి పెట్టి ఒక తుప్పుముక్క తీసి, వేళ్ల మధ్య నలిపి చూసుకున్నాడు. స్ప్రింగులు కొత్తవే డ్రైవరు గారూ అన్నాడు మొదట. ఆ తర్వాత, నా పనిలోనే ఏదో లోపం ఉండుంటుంది, వదిలి వెళ్లండి, మళ్లీ చేసిస్తాను అన్నాడు. నాన్న వినలేదు. ఆ సీటు వేరేచోట చేయించాడు. నేను ఆ దుకాణం గడపకి రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నాను, నోరు విప్పితే సరిపోయేది. విప్పలేదు.

భయం వల్ల అని చెప్పుకోవచ్చుగానీ భయం కొన్నాళ్లే. ఉక్కు ఫ్యాక్టరీలో నాకు ఉద్యోగం వచ్చాక, పెళ్లయ్యాక, నాన్న నన్ను కొట్టే రోజులు ఎప్పుడో పోయాక కూడా చెప్పలేదు. ఆలస్యమైన కొద్దీ చెప్పాల్సినది పెరుగుతూ పోయింది. చేపల సంగతి చిన్నది, చెప్పకపోవడం పెద్దదైపోయింది.

అందుకే మొన్న కూడా ముందు టౌనుకి వెళ్లలేదు. మా పేటలోనే తిరిగాను. స్ప్రింగు సీట్లు ఇప్పుడెవరు చేస్తారు సార్, ఫోము దిమ్మ పెట్టి సాయంత్రానికి ఇచ్చేస్తాం అన్నారు. అందరూ ఆఖరికి ఒకే సలహా ఇచ్చారు, పాత పద్ధతే కావాలంటే వన్ టౌన్లో పెద్దాయన ఒకరున్నారు, అక్కడికి వెళ్లండి అని.

వెళ్లాను. సందు ఇరుకైంది, దుకాణం మాత్రం అదే. పని ఆయన కొడుకు చేస్తున్నాడు, చాచా గుమ్మంలో ఎత్తుపీట మీద కూర్చుని చూస్తున్నాడు. నన్ను గుర్తుపట్టలేదు. కొడుకు కారు తలుపు తీయగానే లేచొచ్చి, పెచ్చులు లేచిన రెక్సిను మీద వేళ్లు నడిపించి, ఇది నా కుట్టే అన్నాడు. నాన్న సీటు మార్పించాడు గానీ తలుపులకి ఉన్నది ఆయన పనే కదా. ఆ మీదట నా ముఖం చూసి, డ్రైవరు గారు బాగున్నారా అని అడిగాడు.

ఆయన అక్కడితో ఆగి ఉంటే ఏమయ్యేదో నేను చెప్పలేను. నన్ను లోపలికి పిలిచి, గోడవార ఉన్న కొత్త స్ప్రింగులు చూపించాడు. ఒక్కొక్క స్ప్రింగుకీ గ్రీజు పూసి, నూనెలో ముంచిన పాతగుడ్డ పీలికని చుట్టూ చుట్టి, దారంతో బిగించి ఉంది. మీ బండి అలా అయిన తర్వాత నుంచీ మా దుకాణంలో ఇదే పద్ధతి బాబూ, మా వాడికీ ఇదే నేర్పాను, ఈ సందులో స్ప్రింగు ముట్టిన ప్రతివాడూ ఇలాగే చేశాడు, ఈసారి తుప్పు రాదని నాన్నగారికి చెప్పండి అన్నాడు. నేను నోరు మూసుకున్నందుకు ఒక మనిషి ఇన్నేళ్లుగా తన చేతిపనిని తానే నమ్మకుండా, ప్రతి స్ప్రింగుకీ గుడ్డ చుడుతూ కూర్చున్నాడు.

అక్కడే, ఆ గ్రీజు డబ్బా పక్కనే నిలబడి మొత్తం చెప్పేశాను. ఉప్పు, ఐసు, గోనెసంచులు, ఊదొత్తులు, ఏదీ దాచలేదు. కొడుకు సూది పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. పెద్దాయన తిడితే పడదామని తల వంచుకుని ఉన్నాను.

"ఏం చేపలు బాబూ అవి?" అన్నాడు.

కోనాం అని చెప్పాను, ఖరీదైన వంజరం చేప.

"అచ్ఛా. పోనీలే. చవక కవళ్ల బుట్టకే నా సీటు పోయిందంటే మాత్రం మాఫ్ చేసేవాణ్ని కాదు."

ముందు కొడుకు నవ్వాడు, తర్వాత ఆయన నవ్వాడు, నవ్వుతూనే కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు. తర్వాత ఎవరితోనూ కాకుండా, స్ప్రింగులు కొత్తవే, నేను అప్పుడే అన్నాను అనుకున్నాడు. అయితే ఇక ఈ గుడ్డలు చుట్టడం మానేద్దామా అబ్బాజాన్ అని కొడుకు అడిగితే, మానెయ్ గానీ వీళ్ల బండికి మాత్రం రెండు చుట్లు చుట్టు, మళ్లీ ఏం ఎక్కిస్తారో తెలీదు అన్నాడు.

ఇంటికొచ్చి నాన్నకి చెప్పాను. ఆయన అన్నం కలుపుతూ ఆగిపోయి, కాసేపటికి మళ్లీ కలుపుకుని తిన్నాడు. పెళ్లివారు తిట్టిన సంగతి కాదు, సందులో తను అరిచిన అరుపు తలుచుకుంటున్నాడని నాకు తెలుసు. బండి సిద్ధమైందని కబురొచ్చిన రోజు గడ్డం గీసుకుని, ఉతికిన తెల్లచొక్కా వేసుకుని, నానూ వస్తన్నాను పద అని ముందే బయల్దేరాడు.

దుకాణం ముందు ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. నాన్న వెళ్లి వెనక సీటులో కూర్చుని, అరచేత్తో రెండువైపులా నొక్కి, కొంచెం ఊగి చూశాడు.

"సీటు బాగుంది భాయ్."

"అప్పుడూ బాగానే ఉంది డ్రైవరు గారూ."

"అవున్లే," అన్నాడు నాన్న, పక్కకి జరిగి చోటిస్తూ. "రా, కూకో. బీచి దాకా ఎల్లొద్దాం."

ఇద్దర్నీ వెనక కూర్చోబెట్టి నేను నడిపాను. ఆ స్టాండులో అప్పటి టాక్సీలు ఒక్కటీ లేవు, భాయ్ తర్వాత ఆయన కొడుకు ఉన్నాడుగానీ అతని తర్వాత పీచు విప్పి పరిచేవాళ్లు ఉండరు. ఇప్పటి కార్ల సీట్లు ఒకే దిమ్మ, అందులో చేతిపని పేరు ఎవరిదీ ఉండదు, పోయినా ఎవరి పేరూ పోదు. దానికి దిగులుపడాలో సంతోషించాలో నాకు తెలియదు. నాకు తెలిసిందల్లా, ఆ రోజు స్టీరింగు పట్టుకున్న నా చేతులు ఎంతో తేలికగా ఉన్నాయి. హార్బరు మలుపు దగ్గర అద్దాలు దించితే ఎప్పటిలాగే గాలి కొట్టింది. అద్దంలో చూస్తే నాన్న ముక్కు ఎగబీల్చి, మోచేత్తో భాయ్‌ని పొడిచి, నావైపు చూపిస్తున్నాడు.

"ఏట్రా, సేపల వాసనొత్తంది?"