మందు కాదు కదా అనుకున్నాను

ఆ రోజు స్కూలు నుంచి వచ్చి చెప్పులు విప్పితే, పట్టీ గుర్తు పాదం మీద గాడిలా మిగిలిపోయింది. మెట్టెలు వేళ్లలోకి దిగిపోయి ఉన్నాయి. రోజంతా బోర్డు ముందు నిలబడే ఉద్యోగం, కాళ్లు వాచకుండా ఎలా ఉంటాయిలే అనుకున్నాను. మా అత్త మాత్రం చూసేసింది. ఆమె కంట పడకుండా ఆ ఇంట్లో చీమ కూడా పాకలేదు.

"ఏమ్మా, కాళ్లు బూరెల మాదిరి పొంగినాయే? ఉప్పు జాస్తి తింటాండావా?" అంది.

"నిలబడి నిలబడి వాచినాయిలే అత్తా" అని తోసేశాను.

మేం ఉండేది కోలారు బంగారు గనుల పక్కన, చాంపియన్ రీఫ్స్‌లో. మామగారు గని ఆఫీసులో గుమాస్తాగా చేశారు. ఆయన పోయాక ఇంట్లో అత్త, మా ఆయన, నేను. మా ఆయన రోజూ బంగారుపేటలో రైలెక్కి బెంగళూరుకు ఉద్యోగానికి వెళ్లి వస్తారు. నేను బంగారుపేట దగ్గర ఒక హైస్కూల్లో సైన్సు చెబుతాను.

కొన్నాళ్లకు పొద్దున లేచేసరికి కళ్ల కింద కూడా వాపు కనబడసాగింది. మూత్రంలో నురుగు, సబ్బునీళ్లు పారబోసినట్టు. ఇలాంటివి నలుగురిలో చెప్పుకునేవి కావు, నాకు తెలుసు. కానీ సిగ్గుపడి ఊరుకున్న ఆ రోజులే నాకు ఎక్కువ చెరుపు చేశాయి, అందుకే రాస్తున్నాను.

మొదట చూపించుకున్న డాక్టరు, "యూరిన్ ఇన్ఫెక్షన్ అమ్మా, ఆడవాళ్లకు మామూలే" అని యాంటీబయాటిక్ రాశారు. కోర్సు అయిపోయింది, నురుగు పోలేదు. యూరిన్ టెస్టు చేయిస్తే ఆల్బుమిన్ అనే ప్రొటీన్ త్రీ ప్లస్, అంటే బాగా ఎక్కువ. ల్యాబులో ఏదో పొరపాటు జరిగి ఉంటుందని ఇంకో ల్యాబుకు పంపారు. అక్కడా త్రీ ప్లస్సే. రక్తంలో చూస్తే సీరమ్ ఆల్బుమిన్ బాగా తక్కువ, కొలెస్ట్రాల్ బాగా ఎక్కువ. షుగర్ లేదు, బీపీ లేదు, క్రియాటినిన్ నార్మల్.

కోలారులో ఫిజీషియన్ ఆ కాగితాలన్నీ టేబుల్ మీద పరుచుకుని చాలాసేపు చూశారు. "మీ కిడ్నీ పని బాగానే చేస్తా ఉండాది టీచరమ్మా. కానీ ప్రొటీన్ అంతా యూరిన్‌లో కారిపోతా ఉండాది. ఎందుకో నాకు తెలీడం లేదు" అన్నారు. డాక్టరు నోట 'తెలీదు' అనే మాట వినడం నాకు అదే మొదలు. జబ్బుకు పేరుంటే తిట్టుకోవడానికైనా ఉంటుంది.

ఆయన ఒక రుమటాలజిస్ట్ దగ్గరికి పంపారు. ఆ డాక్టరు ఏఎన్ఏ అనే టెస్టు చేసి, "లూపస్ కాదు" అన్నారు. హెపటైటిస్ కాదు, థైరాయిడ్ కాదు. ఏది కాదో చెప్పేవాళ్లే అందరూ. ఇక ఊళ్లో తలా ఒక మాట. మా వీధిలో అందరూ, బంగారం తీసేశాక గనివాళ్లు పోసిన సైనైడ్ దిబ్బల వైపు వేలు చూపించారు. గని మూతపడినా ఆ తెల్లటి మట్టిదిబ్బలు ఇంకా ఉన్నాయి, గాలికి దుమ్ము లేస్తుంది. ఇక్కడ ఎవరికి దగ్గొచ్చినా, దద్దురొచ్చినా పాపం ఆ దిబ్బలదే. నేనూ అదే నమ్మాను. మా ఆయన బోరునీళ్లు టెస్టు చేయించారు, తాగడానికి క్యాను నీళ్లు తెప్పించారు, కిటికీలకు తడిబట్టలు కట్టారు. వాపు మోకాళ్లు దాటింది.

చివరికి బెంగళూరులో ఒక నెఫ్రాలజిస్ట్ మేడమ్ దగ్గరికి చేరాం. ఆమెది చిత్తూరు వైపు, మాతో తెలుగులోనే మాట్లాడేది. మొదటి రోజే అడిగింది: "నాటుమందులు, ఆయుర్వేదం, సిద్ధ, నొప్పి మాత్రలు, మొహం తెల్లబడే క్రీములు, ఇట్లాంటివి ఏమైనా వాడుతున్నారా?"

"ఏమీ లేదు మేడమ్" అన్నాను గట్టిగా. కొంచెం గర్వంగా కూడా అన్నానేమో, నేను సైన్సు టీచర్ని కదా. అబద్ధం చెప్పలేదు. నాకు తెలిసినంతలో నిజమే చెప్పాను.

కిడ్నీ బయాప్సీ చేశారు. బోర్లా పడుకోబెట్టి, ఊపిరి బిగబట్టమని, వీపులోంచి సూదితో ఇంత ముక్క తీశారు. టక్కుమని ఒక చప్పుడు వచ్చింది, నొప్పికంటే ఆ చప్పుడుకే అదిరిపోయాను. రిపోర్టులో మెంబ్రేనస్ నెఫ్రోపతి అని వచ్చింది, కిడ్నీలో వడపోసే పొర దెబ్బతినే జబ్బు. హమ్మయ్య, పేరు దొరికిందనుకున్నాను.

"పేరు దొరికింది, కారణం దొరకలేదు" అంది మేడమ్. "ఈ జబ్బులో చాలామందికి పీఎల్ఏటూఆర్ అనే రక్తపరీక్ష పాజిటివ్ వస్తుంది. మీకు నెగటివ్. అంటే ఇంకేదో దీన్ని రేపుతోంది. ఒక్కోసారి లోపల క్యాన్సర్ ఉన్నా ఇట్లా వస్తుంది. వెతకాలి."

వెతికారు. మామోగ్రామ్, సీటీ స్కాన్, ఎండోస్కోపీ. ప్రతి రిపోర్టు కవరూ మా ఆయనే చించేవారు. అన్నీ నార్మల్. నార్మల్ అని విన్న రోజు కడుపునిండా తినేదాన్ని, మర్నాడు మళ్లీ అదే భయం. కొండంత తవ్వారు, ఎలుక కూడా దొరకలేదు.

స్టెరాయిడ్లు మొదలుపెట్టారు. మొహం గుమ్మడికాయైంది, లేని షుగర్ వచ్చింది, కోపం ముక్కు మీద కూర్చుంది. క్లాసులో సుద్దముక్క కింద పడితే ఆ సుద్దముక్క మీద కూడా అరిచాను. ఇంత చేసినా ప్రొటీన్ మాత్రం తగ్గలేదు.

"ఇంక సైక్లోఫాస్ఫమైడ్ ఇవ్వాల్సి వస్తుంది. క్యాన్సర్‌కు కూడా ఇచ్చే మందే ఇది" అంది మేడమ్. "దీనికీ లొంగకపోతే కిడ్నీలు కొన్నేళ్లలో దెబ్బతినొచ్చు. డయాలసిస్ దాకా పోవచ్చు. దాచకుండా చెప్తున్నాను."

ఆ మాట విని బయటికొస్తే పక్కనే డయాలసిస్ వార్డు. అద్దంలోంచి చూశాను. నా వయసావిడ ఒకామె మెషీను పక్కన కళ్లు మూసుకుని పడుకుని ఉంది. అక్కడే గోడకు ఆనుకుని ఏడ్చాను. చావు భయం కాదు, వారానికి మూడుసార్లు అలా పడుకుని బతకాలనే భయం.

మొదటి ఇంజెక్షన్‌కు అడ్మిట్ అయ్యాను. మా ఆయనకు సెలవు దొరక్క, తోడుగా అత్త వచ్చింది. మర్నాడు పొద్దున రౌండ్స్‌కు మేడమ్ వచ్చేసరికి అత్త సంచిలోంచి సీసా తీసి, స్టీలు గ్లాసులో పాలు పోసి నా చేతికి ఇస్తోంది.

"ఏమమ్మా అది? ఆమెకు ఇంకా టిఫిన్ ఇవ్వలేదే?" అంది మేడమ్.

"టిఫిన్ కాదమ్మా, తీర్థం. ఖాళీ కడుపుకే తాగల్ల. ఇంటి నుంచి తెచ్చినాను, ఆస్పత్రికి వచ్చినామని నిలపకూడదు కదా."

"ఏం తీర్థం?"

అత్త ముఖం వెలిగిపోయింది. అడిగినవాళ్లు డాక్టరు మరి. "పాదరస లింగమమ్మా. యాత్రకు పోయినప్పుడు తెచ్చినాను. ఈ అమ్మికి గర్భసంచి ఆపరేషన్ అయి నీరసంగా ఉండె. లింగాన్ని రాత్రి పాలలో పెట్టి, పొద్దున ఆ పాలు తాగిస్తే బలమొస్తాదని అమ్మినాయన చెప్పినాడు. ఆ పొద్దు నుంచి ఒక్కనాడూ తప్పలేదు."

మేడమ్ నా చేతిలో గ్లాసు తీసుకుని పక్కన పెట్టింది. కేకలు వేయలేదు. "ఎన్నాళ్ల నుంచి తాగుతున్నారు?" అని నన్నడిగింది.

"ఏడాది దాటింది మేడమ్."

"మొదటి రోజే అడిగాను కదా, ఏమైనా వాడుతున్నారా అని."

"మందు కాదు కదా మేడమ్..." అన్నాను. ఆ మాట నోట్లోంచి వస్తుండగానే నా పాఠం నాకే గుర్తొచ్చింది. తొమ్మిదో తరగతికి లోహాల పాఠం చెప్పేది నేనే. పాదరసం విషం, థర్మామీటర్ పగిలితే చేత్తో తాకకండి అని పిల్లలకు చెప్పేది నేనే. పొద్దున దేవుడి గదిలోంచి వచ్చిన గ్లాసును కళ్లకద్దుకుని తాగి, అదే నోటితో స్కూలుకెళ్లి ఆ పాఠం చెప్పాను. రెంటికీ ముడి పెట్టాలన్న ఆలోచన ఒక్కనాడూ రాలేదు. తీర్థాన్ని ఎవరైనా పరీక్షిస్తారా?

ఇంజెక్షన్ ఆపారు. యూరిన్ మెర్క్యురీ టెస్టుకు పంపారు. చాలా ఎక్కువగా ఉందని వచ్చింది.

"నూటికి నూరుపాళ్లు ఇదేనని చెప్పలేను" అంది మేడమ్. "కానీ మెర్క్యురీ ఈ జబ్బు తేగలదు. ముందు ఆ పాలు ఆపండి. స్టెరాయిడ్ మెల్లగా తగ్గిస్తాను, ప్రొటీన్ కారడం తగ్గించే మాత్ర ఇస్తాను. చూద్దాం." ఇంట్లో అందరికీ టెస్టు చేయమంది. మా ఆయనకు ఏమీ లేదు, ఆయన పూజగది వైపు పోయే మనిషి కాదు. అత్తకూ నార్మలే.

"నువ్వెందుకు తాగలేదు అత్తా?" అని అడిగాను. నా గొంతులో అనుమానం ఉంది, దాచను.

"ఉండేది ఒక గ్లాసు. నీకే బలం కావల్ల అనుకుంటిని" అంది.

సంగతి తెలిసి మా పుట్టింటి ఊరు నంగలి నుంచి మా అమ్మ బస్సు దిగింది. గడప దాటకముందే మొదలుపెట్టింది. "నా బిడ్డకు విషం పోసినావు కదమ్మా! నీ కడుపున పుట్టి ఉంటే ఇట్ల చేసుందువా?" అత్త తలెత్తలేదు. నేనూ అమ్మను ఆపలేదు. అప్పుడు నాకు అంత కోపం ఉంది. ప్రేమగా పోసింది కాబట్టి కోప్పడే హక్కు కూడా లేకుండా పోయిందని ఇంకా కోపం.

లింగాన్ని ఏం చేయాలనేది ఇంకో గొడవ. "దేవుణ్ని యాడ పారేస్తాము? చెరువులో కలిపేద్దామమ్మా" అంది అత్త.

"చెరువులో కలిపితే రేపు ఊరోళ్లంతా నా మాదిరి వాచిపోతారు. చాలు చేసింది!" అని అరిచాను. చివరికి గాజుసీసాలో పెట్టి మూత బిగించి ఆస్పత్రిలోనే అప్పజెప్పాం. సీసా చేతికి ఇచ్చే ముందు అత్త దానికి దండం పెట్టి, లెంపలు వేసుకుంది. ఎవరి తప్పుకు వేసుకుందో నేను అడగలేదు.

ఆ తర్వాత అత్త వంటింట్లోకి రావడం మానేసింది. నాకు మంచినీళ్లు కావాలన్నా మా ఆయన్ని పిలిచేది. నేనూ చాలా రోజులు ఆమెతో సరిగా మాట్లాడలేదు. వాపు మాత్రం దిగుతూ వచ్చింది. త్రీ ప్లస్ టూ ప్లస్ అయింది, మధ్యలో జ్వరమొచ్చి మళ్లీ పెరిగింది, మళ్లీ తగ్గింది. ఇప్పుడు లెక్కకు రానంత, ట్రేస్ దగ్గర ఆగి ఉంది. పూర్తిగా పోయిందని మేడమ్ ఇంకా అనలేదు. స్టెరాయిడ్ ఆగింది, షుగర్ దిగింది. స్కూలుకు వెళుతున్నాను. పొద్దున లేచి ముందు పాదాలు నొక్కి చూసుకుంటాను. వేలు తీశాక గుంట పడకపోతే ఆ రోజు గడిచినట్టే.

నేను చెప్పగలిగేది ఒక్కటే. ఏమైనా వాడుతున్నారా అని డాక్టరు అడిగితే మందులను మాత్రమే తలుచుకోకండి. నిద్ర లేచింది మొదలు నోట్లోకి, ఒంటి మీదికి పోయేదంతా చెప్పండి. తీర్థం, విభూతి, పసరు, ఎవరో ఇచ్చిన పొడి, అన్నీ. వీలైతే మీకు అవి చేతికిచ్చే మనిషిని కూడా వెంట తీసుకెళ్లండి. మీరు మరిచింది వాళ్లు చెబుతారు.

మా అత్త మళ్లీ వంటింట్లోకి వచ్చింది. బతిమాలింది నేనే. స్కూలుకు ముందు ఆమె చేతి కాఫీ లేకపోతే నాకు తోచడం లేదు. ఆమె మడి, ఎంగిలి మహా పట్టింపుగల మనిషి. నేను కాపురానికి వచ్చిన కొత్తలో గరిటె నాలుకకు తగిలించి ఉప్పు చూశానని సాంబారంతా పారబోయించింది. ఇప్పుడు నా గ్లాసు ముందు తన పెదాలకు ఆనించుకుని, ఒక గుటక మింగి, కాసేపు నిలబడి, అప్పుడు నాకు ఇస్తుంది.

"ఎంగిలి చేసినాను, ఏమనుకోవద్దమ్మా" అంటుంది రోజూ.

ఇవ్వత్తా అని తీసుకుని తాగుతాను.