పది గంటల ఫోనుకు పారిన తోట

నాలుగేళ్ల కిందట నాయనకు గుండె ఆపరేషనైంది. మా ఊరు యాడికి మండలంలో ఉంది. బుక్కరాయసముద్రంలో ఉండే మా పెద్దమ్మ కొడుకు రంగన్న రోజూ రాత్రి పదికి నాకు ఫోన్ చేసేవాడు. ఆ వేళప్పుడు ఫోను మోగితే ఎవరో పోయారనే భయం. నాయన గుండె పట్టుకుని లేచి కూర్చునేవాడు.

"ఏమీ లేదప్పా, తింటివా?" అనేవాడు రంగన్న.

ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. ఆయన్ని బ్లాక్ చేసినా నా కసి తీరలేదు. "నంబరు మార్చినానన్నా" అని మా చీనీ, అంటే బత్తాయి, తోటలో బోరుమోటారు స్టార్టరుకున్న సిమ్ నంబరు ఇచ్చాను. దానికి ఎవరు రింగిచ్చినా మోటారు ఆన్ అవుతుంది. మా తోటకు కరెంటు వచ్చేది కూడా రాత్రి పదికే!

నెల తర్వాత రంగన్న తోటకే వచ్చి నామీద ఎగిరాడు.

"ఏమప్పా, దినామూ ఫోన్ చేస్తాండా, ఎత్తవేమి?"

చెట్ల కింద నిండిన పాదులు చూపించాను.

"నువ్వు ఫోన్ చేసింది మోటారుకు, అన్నా. నీ పుణ్యమా అని చెట్లు తడిసినాయి."

ఆయన ముఖం మాడిపోయింది. నాకేం జాలి కలగలేదు. ఆ మాట విన్న నాయన మాత్రం ఆపరేషన్ తర్వాత మొదటిసారి పడీపడీ నవ్వాడు.

ఇప్పుడు రంగన్న పగలే ఫోన్ చేస్తాడు. ఆ యేడు మొదటి కోతలో ఒక సంచి చీనీకాయలు ఆయనకే పంపాను. నీళ్లు కట్టింది ఆయనే కదా!