ప్లాట్‌ఫాం మీద విడిచిన చెప్పులు

నా కథలు నేనే అచ్చు వేయించి, తాండూరు స్టేషన్లో నేనే అమ్ముకుంటాను. ఈ రోజు పెద్దేముల్ నుంచి ఒక ముసలమ్మ వెతుక్కుంటూ వచ్చింది. నా కథలో ఒక గొర్ల కాపరి మొదటిసారి రైలెక్కుతూ, ఇంట్లోకి వెళ్తున్నట్టు చెప్పులు ప్లాట్‌ఫాం మీదే విడిచిపెడతాడు. కథ అక్కడితో అయిపోతుంది. నవ్వించడానికి కల్పించాను. ఎవరో ఆమెకు చదివి వినిపించారట.

"గా చెప్పులు నేనే ఇంటికి తెచ్చుకున్న సారూ. పోలీసు యాక్షన్ అయిన ఏడు రైలెక్కి పోయిండు నా కొడుకు, ముప్పై ఏండ్లాయె. యాడ దిగిండు?"

"అది కల్పించిన కథ, అవ్వా."

"రైలెక్కించింది నువ్వే గద. యాడ దింపినవో జర చెప్పు."

ముగింపు పాఠకులకే వదిలేయమని కొత్తవాళ్లకు గొప్పగా చెబుతుంటాను. మీరైతే ఏ స్టేషన్ పేరు చెప్పేవారు? ఆమె సాయంత్రం దాకా, వచ్చిన ప్రతి రైల్లోంచి దిగేవాళ్ల కాళ్లే చూస్తూ కూర్చుంది.